అమ్మ పేరున్న క్యారేజీ

ఆ ఆదివారం అయ్యగారు ప్రకటనల కాగితం తీసి కళ్లద్దాలు సర్దుకోగానే, పక్కన కూర్చున్న మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా పాస్టరుగారిని మేమందరం అయ్యగారనే అంటాం. ఆయన తాపీగా చదువుతున్నారు. స్త్రీల కూడిక బుధవారానికి మారింది. సండే స్కూలు పిల్లలు వాక్యాలు కంఠతా పట్టి రావాలి. చర్చి వెనక చెట్లకి కొబ్బరి దింపు ఉంది, పిల్లల్ని అటు పంపకండి. ఆ తర్వాత కాగితం మడిచి బైబిల్లో పెట్టేసుకుని, "పాట పాడుకుందాం" అన్నారు.

మా పేరు రాలేదు. అమ్మ నా చెయ్యి వదిలేసి తొడ మీద గిల్లింది. చిన్నప్పుడు చర్చిలో నిద్రపోతే ఎలా గిల్లేదో అలాగే. నాకు నవ్వొచ్చింది. పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదలకుండా నవ్వడానికి నానా తంటాలు పడ్డాను. వెనక వరసలో వాళ్లు ఏడుస్తున్నాననుకుని ఉంటారు. అనుకోనీ.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా ఊరు ఫలానావారి కుమార్తెకీ, ఫలానా ఊరు ఫలానావారి కుమారుడికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి, అని. అభ్యంతరం ఎవరూ చెప్పగా నేను చూడలేదు. కానీ మొదటి ప్రకటన చదివేశారంటే ఆ పిల్ల పేరు, ఆ పిల్లాడి పేరు కలిసి ఊరంతా తిరుగుతాయి. పెళ్లి ఆగిపోతే ఇంకా ఎక్కువ తిరుగుతాయి. నా పేరు అలా తిరగడానికి ఒక్క పూట తక్కువైంది. ఆ పూట ఎలా తక్కువైందో చెబుతాను.

అతను రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేసేవాడు. చెరువు గట్ల వెంట తిరగడమే ఉద్యోగం. నేను రాజోలు నుంచి రోజూ బస్సులో అమలాపురం వెళ్లి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఒక వానరోజు మామిడికుదురు దగ్గర బస్సు ఆగిపోతే, అందరం దిగి ఆటోల కోసం కొట్టుకుంటున్నప్పుడు, తన సీటు నాకిచ్చి తను వెనక వేలాడుతూ వచ్చాడు. తడిసి ముద్దయి దిగాడు. అలా మొదలైంది.

మంచివాడిలా ఉండేవాడని రాయడం నాకిప్పుడు సుళువే. అప్పుడు మాత్రం మంచివాడే అనుకున్నాను. నేను చెప్పేది వినేవాడు. పోయిన మా నాన్నగారి గురించి అడిగి అడిగి చెప్పించుకునేవాడు. ముప్పై దాటిన ఆడపిల్లని చూసి "ఇంకా ఏంటమ్మా ఆలస్యం" అనని మనిషి మా ఊళ్లలో దొరకడం కష్టం. అతను ఒక్కసారి కూడా అనలేదు. డిండి వంతెన మీద, యానాం గోదావరి గట్టు మీద, చల్లగాలికి కూర్చుని ఐస్‌క్రీమ్ తింటూ పెళ్లి మాట ముందు ఎత్తింది కూడా అతనే.

ఫొటో మాత్రం దిగేవాడు కాదు. ఫోను కంపెనీదని, ఆఫీసువాళ్లు చూస్తారని అనేవాడు. బల్ల మీద పెడితే బోర్లా పెట్టేవాడు. శని ఆదివారాలు ఫోను ఎత్తేవాడు కాదు, చెరువుల్లో రొయ్యల పట్టుబడి ఉందనేవాడు. రొయ్యలకి ఆదివారం సెలవుండదు కదా అని మా అమ్మకి నేనే నచ్చచెప్పేదాన్ని. ఒకసారి తాపేశ్వరం కాజాల పెట్టె తెచ్చిచ్చాడు. ఎందుకంటే, టార్గెట్ పూర్తయిందన్నాడు. నేను సగం తిని, సగం అమ్మకి పట్టుకెళ్లాను. అమ్మ ప్రార్థన చేసి మరీ తింది.

అమలాపురంలో ఒక డాబా మేడమీద వాటా తీసుకుని ఉంటున్నాడని తెలుసు. పుట్టినరోజుకి చొక్కా కొరియరు చేశాను కాబట్టి అడ్రసు కూడా తెలుసు. ఇంటికి మాత్రం ఎప్పుడూ రమ్మనలేదు. ఓనరుగారికి చాదస్తం అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. అమలాపురంలో పెళ్లికాని మగవాళ్లకి ఎవరూ ఇల్లు అద్దెకివ్వరు. మా కాలేజీలో కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్ల కోసం నేనే సందుసందూ తిరిగాను. గుమ్మంలో నిలబెట్టి, "బ్యాచిలర్సా అండి? లేదండి మరి" అని తలుపేసినవాళ్లతో పోట్లాడాను కూడా. మరి ఇతనికి ఇల్లెలా దొరికింది అని ఏడాది పొడుగునా నాకు తట్టలేదు. పిల్లలకి లెక్కలో ఒక మెట్టు తప్పితే అరిచి గోల చేసే మనిషిని.

అమ్మకి మొదట్నుంచీ ఒకటే గొడవ. "వాళ్లవాళ్లని ఒకసారి చూడాలి కదే." తల్లిదండ్రులు లేరన్నాడు. అన్నగారు మస్కట్‌లో ఉన్నాడన్నాడు. "అయితే ప్రకటన చదివిద్దాం. మూడు వారాలూ చదివాకే పెళ్లి" అంది అమ్మ. నేను మండిపడ్డాను. ఈ కాలంలో కూడా ఇదేంటి, మనిషిని నమ్మవా అని గిన్నెలు విసిరినంత పనిచేశాను. అతను కూడా నా పక్షమే. ఎక్కడో దూరంగా ఒక చిన్న ప్రార్థనా మందిరంలో, ప్రకటనా అదీ లేకుండా చేసేసుకుందామన్నాడు. ఆ ఒక్క విషయంలో మా అమ్మ కదల్లేదు. మీ నాన్నగారు చర్చి పెద్దగా చేశారు, నా కూతురి పెళ్లి దొంగచాటుగా జరగడానికి వీల్లేదు అంది. చివరికి అతను సరే అన్నాడు. తనకి పెళ్లి కాలేదని వాళ్ల చర్చి నుంచి ఉత్తరం తరవాత తెస్తానంటే, మా నాన్నగారి మీద గౌరవంతో అయ్యగారు మొదటి ప్రకటన చదవడానికి ఒప్పుకున్నారు.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం అతనికి జ్వరం వచ్చింది. డెంగ్యూ కావచ్చు, నువ్వు రావద్దు, అంటుకుంటుంది అని మెసేజ్ పెట్టాడు. డెంగ్యూ మనిషి నుంచి మనిషికి నేరుగా అంటుకోదని తిరిగి మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. శనివారం పొద్దున్న మా అమ్మ లేస్తూనే పొయ్యి ముట్టించింది. "తల్లి లేని పిల్లాడు, జ్వరంలో ఎవరు చూస్తారు" అంటూ మెత్తటి అన్నం, మిరియాల చారు, నూనె తక్కువేసి బీరకాయ కూర, ఉప్పులో వేసిన నిమ్మబద్ద క్యారేజీలో సర్దింది. అంతకుముందు అతని మీద ఎంత అనుమానపడిందో, జ్వరం అనగానే అంత కరిగిపోయింది.

ఆ క్యారేజీ గురించి చెప్పాలి. మా అమ్మది. మూడు గిన్నెలు. అందరూ వండి తెచ్చి కలిసి తినే చర్చి ప్రేమవిందుల్లో గిన్నెలు కలిసిపోతాయని, ఎవరిది ఎవరి ఇంటికి వెళ్తుందో తెలీదని, మా వైపు అందరూ గిన్నెల మీద పేరు చెక్కిస్తారు. మా అమ్మ మూడు గిన్నెల మీదా, మూత మీదా తన పేరు చెక్కించింది. పేరు ఒక్కటే అయితే ఇంకో ఆవిడ ఉంటుందేమోనని ఇంటిపేరు, ఊరు కూడా చెక్కించింది.

కాలేజీ ఒంటిపూటయ్యాక నేను ఆ క్యారేజీ పట్టుకుని అతని సందులోకి వెళ్లాను. గేటు బయటినుంచే మేడమీద తలుపుకి తాళం కనిపించింది. డాక్టరు దగ్గరికి వెళ్లాడేమో, కింద వాళ్లని అడుగుదామని గేటు తీసి లోపలికి అడుగు వేశానో లేదో, కింద వాటాలోంచి ఒక పెద్దావిడ కేకేసింది.

"ఆగాగు! అక్కడే ఆగమ్మా!"

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆవిడ చేతిలో పళ్లెం, పళ్లెంలో ఎర్రనీళ్లు. పసుపూ సున్నం కలిపిన దిష్టి నీళ్లు. గబగబా వచ్చి నా మొహం చుట్టూ తిప్పేయడం మొదలుపెట్టింది.

"ఒక్కదానివే వచ్చేవేంటమ్మా? అబ్బాయి కారు కట్టించుకుని పొద్దున్నే వెళ్లేడే మీకోసం! పాపేదీ? మీ అమ్మగారి దగ్గరుందా, వెనకొస్తున్నారా?"

మా ఇళ్లలో దిష్టి తీయరు. నాకు ఎవరైనా దిష్టి తీయడం అదే మొదటిసారి. కదిలితే నీళ్లు మీద పడతాయని భయంతో కదలకుండా నిలబడ్డాను. ఆవిడ మూడుసార్లు తిప్పి నీళ్లు పక్కన పారబోసి, నా మొహంలోకి చూసి మురిసిపోయింది.

"పెళ్లి ఫొటోలో కన్నా చిక్కేవు. పురుడు పోసుకున్నాక ఆమాత్రం చిక్కుతారులే."

"నేను కాదండి" అన్నాను.

"నువ్వు కాదేంటి?"

"ఆయన భార్యని నేను కాదండి."

ఆవిడ పళ్లెం కింద పెట్టింది. నేను మెట్టు మీద కూలబడ్డాను. అప్పుడు, ఏడాదిగా అడగాల్సిన ప్రశ్న అడిగాను. "మామ్మగారూ, మీరు ఆయనకి ఇల్లెలా ఇచ్చేరండి?"

"ఇల్లు కావాలని ఒక్కడే వచ్చేడమ్మా. మేం బ్రహ్మచారులకి ఇవ్వం బాబూ అన్నాను. పెళ్లయిందండి, కొత్తగా ట్రాన్స్‌ఫరండి, ఆవిడకి నెల తప్పింది, పుట్టింట్లోనే ఉంచేరు, పురుడయ్యాక తెచ్చుకుంటానండి అన్నాడు. ఆవిడ పుట్టిల్లు రాయవరమట. ఫోనులో పెళ్లి ఫొటో చూపించేడు, తర్వాత సీమంతం ఫొటో కూడా చూపించేడు. ఆయ్, పాప పుట్టిందని కాజాల పెట్టె కూడా ఇచ్చేడు."

కాజాల పెట్టె. మా అమ్మ ప్రార్థన చేసి మరీ తిన్న కాజాలు. ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత, నవ్వకండి, ఒళ్లంతా తేలికైపోయింది. ఏడాదిగా నేను అల్లుకున్న సమాధానాలన్నీ ఇక మొయ్యక్కర్లేదు. రొయ్యల ఆదివారాలు, కంపెనీ ఫోను, మస్కట్ అన్న, అన్నీ ఒక్క దెబ్బకి సర్దుకున్నాయి.

ఆవిడ నా చేతిలో క్యారేజీ వైపు చూసింది. మెల్లగా అడిగింది. "నువ్వు ఆ అబ్బాయికి ఏమవుతావమ్మా?"

"ఏమీ అవనండి. రేపు అవ్వాల్సింది."

ఆవిడ అరవలేదు, గుండెలు బాదుకోలేదు. లోపలికి వెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది. తాగేదాకా నిలబడింది. "వెళ్లిపో తల్లీ. వాళ్లొచ్చే వేళైంది. నువ్విక్కడ ఎవరి కంటా పడకూడదు" అంది. నేను పరిగెత్తినట్టే వచ్చేశాను. బస్సెక్కి సీట్లో కూర్చుని, బస్సు బోడసకుర్రు వంతెన మీదికి ఎక్కాక, ఒళ్లో ఏమీ లేదని గమనించాను. క్యారేజీ ఆ మెట్టు మీదే ఉండిపోయింది. పేరుతో, ఇంటిపేరుతో, ఊరుతో సహా.

అప్పుడే అతని మెసేజ్ వచ్చింది. జ్వరం తగ్గలేదట, రేపటి ప్రకటన వాయిదా వేయించమన్నాడు. నేను బస్సులో పైకే నవ్వాను. పక్కనున్న ఆవిడ కొంచెం జరిగి కూర్చుంది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ రెండూ ఒకేసారి రావడం నాకు తెలిసి అదే మొదలు.

ఇంటికొచ్చి అమ్మకి మొత్తం చెప్పాను. అమ్మ నోట ముందు వచ్చిన మాట, "క్యారేజీ ఏదీ?"

"అమ్మా!"

"కాదే, నా పేరుంది దాని మీద!" అని, అప్పుడు కూర్చుండిపోయింది. నేను చెప్పానా అని అనలేదు. ఆ మాట అంటుందని నేను బస్సు దిగినప్పట్నుంచి కాచుకుని ఉన్నాను, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అనలేదు. లేచి చీర మార్చుకుని, "పద, అయ్యగారు పడుకోకముందే వెళ్లాలి" అంది.

అయ్యగారు మధ్యాహ్నం కునుకు తీయబోతున్నారు. ప్రకటన చదవద్దండి, అన్నాను. ఆయన నా మొహం చూసి, అమ్మ మొహం చూసి, బైబిల్లోంచి కాగితం తీసి ఆ రెండు వరసలూ కొట్టేశారు. "కారణం నేనడగను. ఈ ప్రకటన ఉన్నదే అందుకు. చదివితే ఎవరో ఒకరు లేస్తారని కాదు, చదువుతారని తెలిస్తే దాగి ఉన్నది బయటికొస్తుందని" అన్నారు. అమ్మ నావైపు చూడకుండా జాగ్రత్తపడింది.

మా పేర్లు చదవని ఆ ఆదివారం ఇంట్లో కోడికూర వండింది అమ్మ. పెళ్లి తప్పిపోయిన ఇంట్లో కోడికూరేంటి అని ఎవరైనా అనుకుంటారేమోనని తలుపు దగ్గరగా వేసి వండింది. చర్చి బయట అప్పటికే ఒకరిద్దరు, "ప్రకటన ఈ వారం అన్నారు కదండి?" అని అడిగారు. "మాకే నచ్చలేదండి" అని అమ్మ తల ఎత్తి చెప్పింది. పెళ్లికొడుకుని కూరగాయలా బేరం చేసి వదిలేసినట్టు చెప్పింది. ఆ మాటతో నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

ఆ సగం కూడా మా పిన్ని తీసేసింది. అమ్మ చెల్లెలు. కొత్తపేట కోర్టులో లాయరు. ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చి, అన్నీ విని, చెయ్యి కడుక్కుని మరీ మాట్లాడింది.

"ముందు నువ్వు అదృష్టవంతురాలివని తెలుసుకో. వాడు చెప్పినట్టు ఎక్కడో పెళ్లి చేసేసుకుని ఉంటే అది పెళ్లే కాదు. మొదటి భార్య ఉండగా చేసుకున్నది చెల్లదు. వాడు జైలుకి వెళ్తాడు, సరే. నువ్వు మాత్రం అటు భార్యవీ కావు, ఇటు పెళ్లికానిదానివీ కావు."

"చేసుకోలేదు కదా పిన్నీ. ఇప్పుడేంటి?"

"ఇప్పుడు సంబంధం ఉండటం నేరం కాదే. కానీ విడాకులకి కారణమే. ఆ అమ్మాయి కోర్టుకెళ్లి, నా భర్తకి ఇంకొకరితో సంబంధం ఉందని రాస్తే, మన క్రైస్తవుల చట్టంలో ఆ ఇంకొకర్ని కూడా కేసులో చేర్చాలి. కోర్టు వద్దంటే తప్ప పేరూ ఊరూ రాసి తీరాలి. సమన్లు పట్టుకుని కోర్టు అమీనా వస్తాడు."

"ఎక్కడికి?"

"ఇంటికి. లేకపోతే కాలేజీకి."

"పేరూ ఊరూ క్యారేజీ మీదే ఉన్నాయి కదే" అంది అమ్మ బిక్కమొహంతో. "నా పేరు రాస్తారా అయితే?"

పిన్ని నవ్వాపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కాలేజీ తలుచుకున్నాను. ప్రైవేటు కాలేజీలో ఆడ లెక్చరరుకి సమన్లు వస్తే, తెలియక జరిగిందా తెలిసి జరిగిందా అని ఎవరూ అడగరు. క్లాసులో వెనక బెంచీలో మొదలైన గుసగుస సాయంత్రానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకి చేరుతుంది. మా అమ్మ చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. ఆవిడ వెనక వరసకి మారాల్సొస్తుంది.

పిన్ని నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి అడగాల్సినవి అడిగింది. చెప్పాల్సినవి చెప్పాను. అవి ఇక్కడ రాయను, నా ఇష్టం. మెసేజులు ఒక్కటి కూడా చెరపవద్దంది. నీకు పెళ్లయిన సంగతి నాకు తెలియదు, తెలిసింది కాబట్టి ఇక నన్ను పలకరించవద్దు అని ఒకే ఒక మెసేజ్ పెట్టించింది. పెళ్లి పేరు చెప్పి మోసం చేశాడని నువ్వే కేసు పెట్టొచ్చు, ఆలోచించుకో అంది. ఒకసారి రక్తపరీక్ష కూడా చేయించుకో, సిగ్గుపడకు, అంది. ఆ మాటకి ఎంత కోపమొచ్చిందో, అంత సిగ్గూ వచ్చింది. పిన్ని మీద కాదు కోపం. ఎవరూ తెలియని కాకినాడ వెళ్లి చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, దారంతా నిద్రపోయాను. అంత మంచి నిద్ర చాలాకాలంగా పట్టలేదు.

కేసు పెట్టలేదు. భయపడి కాదు, ఆ మనిషి కోసం ఇంకొక గంట కూడా ఖర్చుపెట్టబుద్ధి కాక.

అతను ఒకసారి కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. చెబుదామనే అనుకున్నాను, మా ఆవిడకీ నాకూ మొదట్నుంచీ సరిగా లేదు, అన్నాడు. "సరిగా లేకుండానే పాప పుట్టిందాండి?" అన్నాను. అతన్ని అండీ అనడం అదే మొదటిసారి. వాచ్‌మన్ ఇటు చూస్తున్నాడు. అతను వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

బాధ లేదని చెప్పను. వాన పడితే వచ్చేది. యానాం బస్సు కనిపిస్తే వచ్చేది. లేని మనిషి కోసం బెంగపడటం ఎంత అవమానమో! నాకు నచ్చినవాడు అసలు లేనేలేడు, నేను ఇష్టపడింది అతను చెప్పిన కథని. అది తెలిసి కూడా కొన్నాళ్లు బెంగపడ్డాను. దానికన్నా ఎక్కువ భయపడ్డాను. ఖాకీ చొక్కా మనిషి కాలేజీ మెట్లెక్కితే చాలు, నా చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. కరెంటు బిల్లు కుర్రాడు వచ్చినా, కొరియరు వచ్చినా అంతే. రాత్రి భోజనాల దగ్గర అమ్మ అడిగేది, "ఎవరూ రాలేదు కదా?" అని. ఎవరూ రాలేదు. వేసవి సెలవులు కూడా వచ్చేశాయి.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ వరండాలో మామిడికాయ ముక్కలు ఆరబెడుతుంటే గేటు ముందు మోటారుసైకిలు ఆగింది. నడిపినవాడు, ఎవరో తెలియని కుర్రాడు, బండి మీదే ఉండిపోయాడు. వెనక నుంచి ఒకమ్మాయి దిగింది. చంకలో పాప, చేతిలో క్యారేజీ.

నేను కిటికీలోంచి చూశాను. మనిషి నాలాగే ఉందని మామ్మగారు ఎలా అనుకున్నారో అర్థం కాలేదు. నాకన్నా చిన్నది, పొట్టిది. ఎండకి మొహం ఎర్రబడింది.

"ఈ పేరు మీదేనాండి?" అని క్యారేజీ మూత చూపించింది.

"నాదేనమ్మా" అంది అమ్మ. లేచి గేటు తీసింది. "లోపలికి రా. పాప ఎండలో ఉంది."

లోపలికి వచ్చింది. ఫ్యాను కింద కూర్చుంది. నేను ఎదురుగా నిలబడ్డాను, క్లాసులో తప్పు చేసిన పిల్లలా. ఆ అమ్మాయి నన్ను చాలాసేపు చూసింది. చూడటానికే వచ్చిందని తెలుస్తోంది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ రోజు మా ఇంటికి ఎందుకొచ్చేరు?"

"జ్వరమన్నారండి. మా అమ్మ పథ్యం వండి పంపింది. మర్నాడు చర్చిలో మా పెళ్లి ప్రకటన చదవాల్సి ఉంది. తాళం వేసుంది. మీ ఓనరు మామ్మగారు నేనే మీరనుకున్నారు. నాకప్పటిదాకా ఏమీ తెలీదండి."

తల ఊపింది. "మామ్మగారూ అదే చెప్పేరు. నేను కారు దిగేసరికి మెట్టు మీద క్యారేజీ ఉందండి. మామ్మగారు పంపిందనుకున్నాను. ప్రయాణం చేసి ఆకలి మీదున్నాను. మిరియాల చారు, బీరకాయ కూర, అంతా బాలింత తినే వంటే. కడుపునిండా తిన్నాను. గిన్నెలు కడుగుతూ పేరు చూసి, ఈవిడెవరండి అని ఆయన్ని అడిగేను. ఆయన మొహం చూసేను. ఇంక ఎవర్నీ అడగక్కర్లేకపోయింది."

"క్షమించండి" అన్నాను.

"మీరెందుకండి? నేను మర్నాడే రాయవరం వెళ్లిపోయేను. ఫోను వెతికితే మీకు ముందు ఇంకొకావిడ కూడా ఉందండి." పాపని ఈ తొడ మీంచి ఆ తొడ మీదికి మార్చుకుంది. "విడాకులకి వేసేను. మా లాయరుగారు అక్రమ సంబంధం కింద వేద్దామన్నారు, అలాగైతే మీ పేరు చేర్చాలన్నారు. పేరూ ఊరూ నా దగ్గరున్నాయి కదా, రాసేయండి అందామనుకున్నాను. కోపంగానే ఉందండి మరి. కానీ ఆ చారు తిన్న నోటితో రాయించబుద్ధి కాలేదు. హింస పెట్టేడని వేయించేను. అదీ నిజమే. మీ పేరు ఎక్కడా లేదండి. అది చెప్పి వెళ్దామని వచ్చేను."

అమ్మ గోడకి చేరబడింది. నాకు కళ్లు మసకబారాయి. ఇన్నాళ్లూ కాలేజీ మెట్ల వైపు చూస్తూ బతికినదాన్ని. ఆ బరువు ఆ అమ్మాయి చేతిలో ఉందని, ఆ చేతిలో ఒక చంటిపిల్ల కూడా ఉందని నాకు తట్టలేదు.

"కోర్టులో ఆయన కాదంటే నన్ను పిలవండి" అన్నాను. "నేనొచ్చి చెబుతాను. మెసేజులన్నీ ఉన్నాయి."

"మీ పేరు బయటికొస్తుందండి."

"రానివ్వండి. నేను చెబితే వచ్చేది వేరు." ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు తెలియలేదు, భయం పోయిందని. అమ్మ వద్దనబోయి ఆగింది.

"అవసరమైతే పిలుస్తాను" అని ఆ అమ్మాయి క్యారేజీ అమ్మ చేతికిచ్చింది. బరువుగా ఉంది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, పై గిన్నెలో సున్నుండలు, నేతి వాసన గుప్పుమంది. "మా అమ్మ నాకోసం చేసిందండి. మీరూ తినండి." లేచి, గుమ్మం దగ్గర ఆగి, మొదటిసారి నవ్వింది. "ఆ రోజు మా పాపకి కలిపిన ఎర్రనీళ్లు మీకు తీసేసేరటండి. మామ్మగారు ఇప్పటికీ ఫోను చేసి చెప్పుకుని బాధపడతారు. ఆ కంగారులో మాకు తీయడం మర్చిపోయేరు."

"ఆగమ్మా. ఒక్క నిమిషం" అంది అమ్మ.

మా ఇంట్లో పసుపు ఉంది, సున్నం లేదు. "వంటసోడా వేసినా ఎర్రబడుతుంది" అన్నాను. నా చదువు మా ఇంట్లో ఉపయోగపడిన రోజు అదొక్కటే. చర్చిలో ముందు వరసలో కూర్చునే మా అమ్మ, జన్మలో ఎవరికీ దిష్టి తీయని మా అమ్మ, ఆ తల్లినీ పిల్లనీ గుమ్మంలో నిలబెట్టి, పళ్లెం ఎటు తిప్పాలో తెలియక ఒకసారి అటూ రెండుసార్లు ఇటూ తిప్పింది. పాప పళ్లెం కోసం చెయ్యి చాచింది. ఆ అమ్మాయి నవ్వుతూనే ఏడ్చింది.

బండి మలుపు తిరిగాక అమ్మ ఎర్రనీళ్లు రోడ్డు వార పారబోసి, పళ్లెం కడిగి బోర్లించింది. సున్నుండ ఒకటి నా చేతిలో పెట్టి, ఒకటి తను కొరికింది.

"అయ్యగారితో మాత్రం అనకు" అంది.